చిత్రము తీయుట, చిత్రము అమ్ముట: కారంచేటి రామానాయుడు

చీరాల, పేరాల అను జంటపేర్లు వినగానే 1921వ సంవత్సరము గుర్తుకు వచ్చును. పురపాలక సంఘపు పన్నులు చెల్లింపమని ప్రజలు ఇండ్లు వాకిళ్లు విడిచి, దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి వెంట రామనగరమను పాకల ఊరికి తరలిపోయిన కథ శ్రోతలు ఎన్నిమార్లో విన్నదే. నేడు మేము చెప్పదలచినది ఆ గడ్డకు సంబంధించినదే అయినను ఉద్యమగాథ కాదు, ఒక వ్యాపార చరిత్ర. చరిత్ర యనగా రాజులు, యుద్ధములు, ఉద్యమములు మాత్రమేనను అభిప్రాయము ఇంకను కొందరికి ఉన్నది. ఇంటిల్లిపాదియు కూర్చుండి చూచిన బొమ్మకు పెట్టుబడి ఎచ్చటినుండి వచ్చినది, దానిని ఎవరు ఎవరికి అమ్మినారు అనునదియు చరిత్రయే. ఆ సంగతులు తెరమీద పేర్లు వేయునప్పుడు కానరావు.

పేరాల నేతగాండ్ర ఊరు. అచ్చటి మగ్గముల పద్ధతి ఒకటి మా కథకు పనికివచ్చును. నేతగాడు చాలవరకు తన సొమ్ముతో నూలు కొనడు. షావుకారు నూలు ఇచ్చును, ఇంటిఖర్చుకు కొంత ముందుగా ఇచ్చును. నేసిన బట్టను తాను తీసికొని, ముందిచ్చినదానిని మజూరీలో మినహాయించుకొనును. పడుగు ఇంకను మగ్గము మీద ఉండగానే ఆ బట్ట మరియొకరి సొత్తు. సొంత స్టూడియో లేని చిత్రనిర్మాత స్థితియు సరిగా ఇట్టిదే. ఆయన తీయబోవు చిత్రము, తీయకముందే అమ్ముడుపోవలెను. అమ్ముడుపోనిచో తీయుటకే వీలులేదు.

1950, 1960 దశకములలో మద్రాసులో తెలుగు చిత్రము తలపెట్టిన స్వతంత్ర నిర్మాత చేతిలో ఉండునది ఒక కథ, ఒకరిద్దరు తారల ఒప్పుదల. ఈ రెంటినీ చూపి ఆయన పంపిణీదారుల కడకు పోవును. చిత్రవ్యాపారమునకు తెలుగుదేశము మూడు ముక్కలు: సర్కారు జిల్లాల ఆంధ్ర, రాయలసీమకు సీడెడ్ అను పేరు, హైదరాబాదు వైపున నైజాము. 1956లో ఆంధ్రప్రదేశము ఏర్పడినను, 2014లో అది రెండు రాష్ట్రములైనను వ్యాపారుల నోట ఈ పేర్లు మారలేదు. నిజాము ప్రభుత్వము 1948లోనే అంతరించినది గాని సినిమా లెక్కల పుస్తకములో నైజాము చెక్కు చెదరలేదు! ఆంధ్ర భాగమునకు పంపిణీదారుల కార్యాలయములు విజయవాడ గాంధీనగరములో బారులు తీరి ఉండెడివి. నిర్మాత మద్రాసులో చిత్రము తీసినను, ఆయన అదృష్టము గాంధీనగరపు మేడమెట్ల మీద తేలెడిది.

అమ్మకములో మూడు దారులు కలవు. మొదటిది, నిర్ణీత సంవత్సరముల కొరకు ఒక ప్రాంతపు హక్కులన్నియు ఏకమొత్తముగా అమ్మివేయుట. లాభము వచ్చినను నష్టము వచ్చినను కొన్నవానిదే. రెండవది, పంపిణీదారు కనీసపు మొత్తమునకు హామీ ఇచ్చుట. ఆపైన వచ్చినదానిలో నిర్మాతకు వంతు ఉండును. మూడవది, పంపిణీదారు అడ్వాన్సు ఇచ్చి, వసూళ్లలో తన కమీషను పోగా ఆ అడ్వాన్సును రాబట్టుకొనుట; రాకపోయిన భాగము నిర్మాత నెత్తిన అప్పుగా నిలుచును. ధైర్యము కలవాడు హక్కులు తన కడ నిలుపుకొనును. అవసరము కలవాడు అమ్మివేయును. ఈ మొత్తములు చాలనిచో వడ్డీకి తెచ్చిన సొమ్ము ఉండనే ఉండును. చిత్రము పూర్తియగువేళకు నెగెటివు లాబొరేటరీలో ఉండును. అప్పులవారు తమ బాకీ తీరువరకు ప్రింట్లు బయటకు పంపరాదని అచ్చటికి ఉత్తరము పెట్టించుకొందురు. ఒక్కొక్కప్పుడు విడుదలకు ముందటి రాత్రి నిర్మాత లాబొరేటరీ గుమ్మములో నిలిచి బేరమాడవలసి వచ్చెడిది. మరునాటి ఉదయము ఊరూర ప్రేక్షకుడు ఫిల్ము పెట్టె కొరకు ఎదురుచూచుచుండగా తెరవెనుక నడచిన నాటకము ఇది.

పాశ్చాత్య దేశములలో ఈ అమ్మకపు పనికి వేరుగా ఒక విక్రయ ప్రతినిధి ఉండును. నిర్మాత చిత్రము తీయును. ఆ ప్రతినిధి దానిని కాన్ వంటి సంతలకు తీసికొనిపోయి దేశమునకొక ధర చొప్పున అమ్మి కమీషను తీసికొనును. మనవారిలో ఈ రెండు ఉద్యోగములును ఒక్కని మీదనే పడినవి. మన నిర్మాతకు దేశముల బదులు భాషలు ఉన్నవి. తెలుగులో తీసిన కథను తమిళమునకు, హిందీకి, కన్నడమునకు అమ్మవచ్చును. లేదా తానే అచ్చటికి మోసికొనిపోయి తిరిగి తీయవచ్చును. అమ్ముటయా, మోయుటయా అను ఈ చిన్న ప్రశ్నలోనే రామానాయుడుగారి జీవితమంతయు ఇమిడియున్నదని మా అభిప్రాయము.

దగ్గుబాటి రామానాయుడుగారు 1936 జూన్ 6న కారంచేటిలో ఒక రైతు కుటుంబమున జన్మించినారు. కారంచేడు చీరాల పేరాలలకు కొలది మైళ్ల దూరమున, కృష్ణ పడమటి డెల్టా చివర, కొమ్మమూరు కాలువ నీటితో పండు ఊరు. ఆయన జన్మించునాటికి అది గుంటూరు జిల్లా. 1970లో ప్రకాశము జిల్లా ఏర్పడినప్పుడు అందులోనికి పోయినది. 2022లో బాపట్ల జిల్లా ఏర్పడగా అందులో చేరినది. ఊరు కదలకుండ మూడు జిల్లాలు తిరిగినది! ఆయన మొదట ధాన్యపు మిల్లు నడిపినారు, రవాణా వ్యాపారము చేసినారు. ఇవి రెండును సినిమాకు దూరపు వృత్తులుగా తోచవచ్చును గాని మేము అట్లు అనుకొనము. పంట చేలో ఉండగానే బేరము కుదుర్చుకొనుట, సరుకు అనుకొన్న దినమునకు అనుకొన్న ఊరికి చేర్చుట మిల్లుకు, లారీకి ఎంత అవసరమో చిత్రమునకును అంతే అవసరము.

1960లో విడుదలైన 'నమ్మిన బంటు' చిత్రములో కొంత భాగము కారంచేటిలో తీసినారు. ఎడ్ల జతల కథ అది. ఆదుర్తి సుబ్బారావుగారు దర్శకులు, నాగేశ్వరరావుగారు కథానాయకులు. ఊరికి వచ్చిన ఆ కోలాహలములో కలిసిమెలిసి తిరిగిన యువకులలో రామానాయుడుగారు ఒకరు. తరువాత ఆయన మద్రాసు చేరి 1963లో 'అనురాగము' అను చిత్రములో భాగస్వామి అయినారు. ఆ చిత్రము ఆయనకు లాభము తెచ్చిపెట్టలేదు. భాగస్వామ్యములో మాట ఒకరిది, సొమ్ము మరియొకరిది అగుట సామాన్యము. మరుసటి చిత్రమునకు ఆయన సొంత సంస్థను నెలకొల్పి, పెద్దకుమారుని పేరిట దానికి సురేష్ ప్రొడక్షన్స్ అని పేరు పెట్టినారు. ఇద్దరు చిన్నపిల్లలు రెండు ఆంగ్లాక్షరముల మీద నిలిచియుండు ఆ సంస్థ చిహ్నము ఎరుగని తెలుగు ప్రేక్షకుడు ఉండడు. ఆ బాలురు ఆయన కుమారులు సురేష్, వెంకటేష్.

ఆ సంస్థ తొలి చిత్రము 'రాముడు భీముడు'. 1964 మే 21న విడుదలైనది. డి.వి. నరసరాజుగారి రచన, తాపీ చాణక్యగారి దర్శకత్వము, పెండ్యాల నాగేశ్వరరావుగారి సంగీతము. చిన్ననాడు విడిపోయిన కవలలలో ఒకడు పిరికివాడు, ఒకడు మొండివాడు. ఇద్దరి స్థానములు తారుమారగును. నందమూరి తారకరామారావుగారు ద్విపాత్రాభినయము చేసిన తొలిచిత్రము ఇదియే. బాపట్ల సమీపమున అప్పికట్లలో పుట్టిన కొసరాజు రాఘవయ్య చౌదరిగారు ఇందులో వ్రాసిన ఒక పాటను నాగార్జునసాగర నిర్మాణము జరుగుచున్న చోట చిత్రించినారు. కాలువ నీటి మీద బ్రతికిన ఊరివాని తొలిచిత్రములో ఆనకట్ట కనబడుట మాకు ముచ్చటగా తోచును.

చిత్రము గొప్ప విజయము పొందినది. ఆ తరువాత జరిగినదే ఇచ్చట గమనింపదగినది. ఎనిమిది నెలలు తిరుగకముందే, 1965 సంక్రాంతికి, అదే కథ ఎం.జి. రామచంద్రన్‌గారితో 'ఎంగ వీట్టు పిళ్ళై' అను పేరున తమిళములో వచ్చినది. 1967లో దిలీప్ కుమార్‌గారితో 'రామ్ ఔర్ శ్యామ్' అను పేరున హిందీలో వచ్చినది. మూడింటికిని దర్శకులు చాణక్యగారే. కాని నిర్మాతలు మాత్రము వేరు. తమిళ, హిందీ చిత్రములు విజయా వారివి. తమిళదేశములో ఆ చిత్రము పొందిన జయము, హిందీ చిత్రమునకు ఉత్తర భారతమంతట లభించిన ఆదరము ఇప్పటికిని చెప్పుకొందురు. కారంచేటి నిర్మాత తెలుగున నిలబెట్టిన కథ ఇతర భాషలలో మరియొకరి పెరట కాపునకు వచ్చినది.

ఇందులో తప్పు ఎవరిదియు కాదు. విజయా సంస్థ అప్పటికి దక్షిణదేశమున మహావృక్షము. దాని సారథులు ఇద్దరు, కడప జిల్లాకు చెందిన బి. నాగిరెడ్డిగారు, తెనాలి ఐతానగరమునకు చెందిన చక్రపాణిగారు. చక్రపాణిగారు 1908లో జన్మించినారు. శరత్ చంద్రుని నవలలను బెంగాలీనుండి తెనిగించినారు. 'యువ' పత్రిక నడిపినారు. 1947లో వెలువడిన 'చందమామ'కు మూలపురుషులలో ఒకరు. బెంగాలు కథను తెలుగింటి కథగా మార్చుట ఎట్లో వారికి సినిమాకు రాకముందే తెలియును. ఒక కథ ఎన్ని భాషలలో నిలువగలదో గుర్తించుటకు అంతకంటె శిక్షణ ఏముండును? పైగా వారికి సొంత స్టూడియో ఉన్నది, సిబ్బంది ఉన్నారు, మూడు భాషల పంపిణీదారులతో పరిచయము ఉన్నది. రామానాయుడుగారికి అప్పటికి ఉన్నది ఒక్క చిత్రపు పేరు. తెనాలికి పేరాలకు దూరము కొద్దియే గాని, మద్రాసులో ఆ ఇద్దరి స్థితులకు నడుమ దూరము అధికము.

తరువాతి ఏండ్లు సుఖముగా సాగలేదు. 1965లో 'ప్రతిజ్ఞాపాలన', 1966లో 'శ్రీకృష్ణ తులాభారము', 1967లో 'స్త్రీజన్మ', 1968లో 'పాపకోసం', 1970లో 'ద్రోహి' వచ్చినవి. కొన్ని ఆడినవి, కొన్ని ఆడలేదు. తొలిచిత్రముతో తూగగలది ఏదియు లేదు. అయినను ఈ నడుమ ఒక సంగతి జరిగినది. 'పాపకోసం' కథ 1968లోనే 'కుళందైక్కాగ' అను పేరున తమిళములో వెలువడినది. ఈమారు నిర్మాత రామానాయుడుగారే. సంస్థ పేరు విజయ సురేష్ కంబైన్స్. ఆయన కథను ఇతర భాషకు మోసిన విజయా వారితోనే ఆయన చేయి కలిపినారు. ఆ తమిళ చిత్రములోని పాటకు కణ్ణదాసన్‌గారికి జాతీయ పురస్కారము లభించినది. పోగొట్టుకొన్నచోటనే వెదకవలెనను మాట మన పెద్దలు ఊరక అనలేదు.

1971 నాటికి పరిస్థితి గడ్డుగా ఉన్నది. అప్పుడు ఆయన ఎన్నుకొన్నది కోడూరి కౌసల్యాదేవిగారి నవల 'ప్రేమనగర్'. రంగుల చిత్రము, రాజప్రాసాదమును తలపించు సెట్లు, నాగేశ్వరరావుగారు, వాణిశ్రీగారు, కె.ఎస్. ప్రకాశరావుగారి దర్శకత్వము, ఆత్రేయగారి మాటలు, కె.వి. మహదేవన్‌గారి సంగీతము. చేతిలో సొమ్ము తక్కువగా ఉన్నవేళ చిన్న చిత్రము తీయుట లోకరీతి. ఆయన తనకు సాధ్యమైన వానిలో పెద్దది తలపెట్టినారు. ఇది తప్పినచో ఊరికి పోయి వ్యవసాయము చేసికొనుటయే అని నిశ్చయించుకొన్నట్లు తరువాతి కాలమున ఆయన పలుమార్లు చెప్పుకొన్నారు. ఇందులో సాహసము ఉన్నది గాని కేవలము సాహసమే కాదు. పత్రికలో ధారావాహికగా వచ్చిన నవలకు వేలకొలది చదువరులు, అందునను స్త్రీలు, ముందే సిద్ధముగా ఉన్నారు. పంపిణీదారుని కడకు పోయి కథ చెప్పనక్కరలేదు. వారి ఇంట ఆడువారికి అది కంఠతా వచ్చును. కొనువాని ఇంటిలోనే మన సరుకు మెచ్చుకొనువారు ఉండుట కంటె అమ్మకపుదారునికి కావలసినదేమి?

1971 సెప్టెంబరు 24న విడుదలైన ఆ చిత్రము ఆయనను ఊరికి పోనీయలేదు. ఈమారు ఆయన కథను చేజారనీయలేదు. 1972లో శివాజీ గణేశన్‌గారితో తమిళమున 'వసంతమాళిగై', 1974లో రాజేష్ ఖన్నా, హేమమాలినిగార్లతో హిందీలో 'ప్రేమ్ నగర్' వచ్చినవి. దర్శకులు మూడింటికిని ప్రకాశరావుగారే. 'రాముడు భీముడు' విషయములో దర్శకుడు మూడు భాషలకు పోగా నిర్మాత ఒక భాషలో నిలిచిపోయినాడు. 'ప్రేమనగర్' విషయములో నిర్మాతయు వెంట నడచినాడు. పదేండ్ల వృత్తిలో ఆయన నేర్చిన పాఠమును మేము ఇంతకంటె క్లుప్తముగా చెప్పలేము.

నవలల మీద నమ్మకము ఆయనకు అటుపైన పోలేదు. యద్దనపూడి సులోచనారాణిగారి నవలల నుండి 1973లో 'జీవన తరంగాలు', 1976లో 'సెక్రటరీ' తీసినారు. నాటి వారపత్రికల నవలలను విమర్శకులు చులకన చేసినారు. ఆ విమర్శలో కొంత న్యాయము ఉన్నను, మధ్యతరగతి గృహిణి ఏమి చదువుచున్నదో పండితులకంటె ముందుగా ఈ మిల్లు యజమాని గమనించినాడని ఒప్పుకొనక తప్పదు.

రేడియోలో పనిచేయు మాకు ఇంకొక సంగతి కనబడును. ఆ దినములలో చిత్రమును ఇంటింటికి ముందుగా చేర్చినది పాట. విడుదలకు ముందే గ్రామఫోను రికార్డులు వచ్చెడివి. పాట రేడియోలో మ్రోగెడిది. వివిధభారతిలో వాణిజ్య ప్రసారములు ఆరంభమైన తరువాత, విడుదల కానున్న చిత్రములను గూర్చి పదిహేను నిమిషముల ప్రాయోజిత కార్యక్రమములు వచ్చినవి. రెండు పాటలు, నాలుగు మాటల ముక్కలు, ఉత్కంఠను పెంచు ఒక ప్రశ్న, అంతటితో సరి. రేడియో ముందు కూర్చున్న కుటుంబము చిత్రము చూడకుండగనే దానిని సగము కొన్నట్లు. నిర్మాతలు పాటకు అంత వెచ్చించుటలో కళాభిమానముతోపాటు లెక్కయు ఉన్నది.

1982లో 'దేవత' తెలుగున వచ్చినది. రెండేండ్లలో, 1984లో, 'తోఫా' అను పేరున హిందీలో వచ్చి ఆ యేటి పెద్ద విజయములలో నిలిచినది. రెండింటికిని కె. రాఘవేంద్రరావుగారు దర్శకులు, రామానాయుడుగారు నిర్మాత. వరుసలు తీర్చిన బిందెలు ఆ పాటలో చూచినవారెవరును మరువలేదు. ఆ కాలపు హిందీ చిత్రములలో దక్షిణాది నిర్మాతలు తీసినవి ఎక్కువ భాగము ఒకే మూసలోనివి. రంగులు, గంతులు, కన్నీళ్లు, మరల గంతులు. రామానాయుడుగారి చిత్రములలోను ఈ మూసలో పోసినవి కలవు. ఉన్నమాట చెప్పుటకు మేము సంకోచింపము. అయితే ఆ సొమ్ముతోనే ఆయన 1987లో జంధ్యాలగారి 'అహ నా పెళ్ళంట' తీసినారు. పెద్ద తారలు లేని ఆ హాస్యచిత్రములో పిసినారి కోట శ్రీనివాసరావుగారు, ఆయన వాకిట వ్రేలాడు కోడి తెలుగువారి వాడుకమాటలలో చేరిపోయినవి. 1999లో ఋతుపర్ణ ఘోష్‌గారి 'అసుఖ్' అను బెంగాలీ చిత్రమునకు నిర్మాతయై, ఉత్తమ బెంగాలీ చిత్రమునకిచ్చు జాతీయ పురస్కారము పొందినారు. చక్రపాణిగారు శరత్తును తెనాలికి తెచ్చినారు. ఈ దారిలో ఎదురు నడచి కారంచేటి సొమ్ము బెంగాలు చేరినది.

ఆయన చిత్రముల సంఖ్య నూరు దాటినది, భాషల సంఖ్య పది దాటినది. అధికసంఖ్యలో చిత్రములు నిర్మించిన వ్యక్తిగా 2008లో గిన్నిస్ గ్రంథమున పేరు చేరినది. 2009వ సంవత్సరపు దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారము ఆయనకు లభించినది. ఈ వరుసలో మొదటివాడు మన తీరమువాడే. మచిలీపట్టణమున పుట్టిన రఘుపతి వెంకయ్యగారు బొమ్మల యంత్రముతో దక్షిణదేశమే గాక సింహళము, బర్మా తిరిగినారు. మద్రాసులో గెయిటీ థియేటరు కట్టినారు. కుమారుడు ప్రకాశ్‌గారితో 1921లో 'భీష్మప్రతిజ్ఞ' మూకీ తీయించినారు. చీరాల పేరాల ప్రజలు రామనగరములో ఉన్న యేడే అది. వెంకయ్యగారు కడపట ఆస్తి పోగొట్టుకొన్నారు. స్వతంత్ర నిర్మాతలలో ఎక్కువమంది దారి అదియే. తారలను నిలబెట్టి తాము కూలిపోయినవారి పేర్లు వ్రాయ పూనినచో ఈ పత్రిక చాలదు. రామానాయుడుగారు కూలిపోలేదు, హైదరాబాదు ఫిలింనగరులో రాతిగుట్ట మీద సొంత స్టూడియో కట్టినారు. అద్దెకు ఫ్లోరు తీసికొన్నవాడు ఇతరులకు అద్దెకు ఇచ్చు స్థితికి వచ్చినాడు. ఆపై ఆయనను స్వతంత్ర నిర్మాత అనవచ్చునా అను చర్చ మేము పెట్టుకొనము.

1999లో బాపట్లనుండి లోక్‌సభకు ఎన్నికై 2004వరకు సభ్యులుగా ఉన్నారు. ఆ తరువాతి ఎన్నికలో ఓడిపోయినారు. రాజకీయము ఆయన కథలో చిన్న అధ్యాయమే.

ఇంకొక మాట మిగిలియున్నది. 1964లో ఒప్పందపత్రము వ్రాసికొన్న నిర్మాతకు థియేటరు తప్ప మరియొక సంత తెలియదు. 1995లో తెలుగున ఉపగ్రహ చానెళ్లు వచ్చి పాత చిత్రములను మూటలు మూటలుగా కొనసాగినవి. అంతకు ముందే నెగెటివు హక్కులు అప్పులకు వదలుకొన్నవారికి ఆ సంతలో చోటు లేకపోయినది. చిత్రము మీద పేరు వారిది, రాబడి వేరొకరిది. హక్కులు దాచుకొన్నవారి పెట్టెలు మాత్రము మరల తెరచుకొన్నవి.

రామానాయుడుగారు 2015 ఫిబ్రవరి 18న హైదరాబాదులో మరణించినారు. నాలుగేండ్ల తరువాత, 2019లో, 'వసంతమాళిగై' కొత్త హంగులతో తమిళనాట థియేటర్లలో మరల విడుదలైనది. ప్రేక్షకులు టిక్కెట్టు కొని, కథ అంతయు తెలిసియే, పోయి చూచినారు.